లబ్ధిదారు నవ్వెనా, లేదా?

మాదకద్రవ్య నిషేధ శాఖ మెరకపేట సర్కిల్లో హెడ్ కానిస్టేబులు తవిటినాయుడు పంచనామా రాశాడంటే దాన్ని తప్పుపట్టడానికి ప్లీడర్లకు సందు దొరికేది కాదు. గంజాయి బస్తా ఎక్కడ దొరికింది, దానికి తూర్పున ఎవరి గోడ, పడమర ఎవరి దొడ్డి, ఆ సమయంలో ముద్దాయి కూర్చున్నాడా నిలుచున్నాడా, పారిపోయి ఉంటే ఏ దిక్కుగా పారిపోయాడు, అన్నీ ఉండేవి. ఇరవై ఎనిమిదేళ్ళు ఇలా రాసి రాసి, పెళ్ళాం కూర ఏం చెయ్యమంటావని అడిగినా సాక్షి సంతకాలకు ఇద్దరు మధ్యవర్తులు పక్కన లేనిదే జవాబు చెప్పలేడని స్టేషన్లో ఆటపట్టించేవారు.

అలాంటి తవిటినాయుడి నెత్తిన ఒక మంగళవారం నాడు కొత్త చట్టం వచ్చి పడింది. తగ్గని నొప్పులతో బాధపడేవాళ్ళకు డాక్టరు చీటీ మీద గంజాయి తైలం ఇవ్వవచ్చునని రాష్ట్రం ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ దాన్ని తగలబెట్టిన శాఖకే ఇకనుంచి పంచిపెట్టే పని కూడా అప్పగించారు. శాఖ పేరు మార్చాల్సి వచ్చింది. పాత బోర్డు పారేయడానికి ఎవరికీ మనసొప్పక, ఉన్న అక్షరాల పక్కన కాస్త ఇరికించి ‘మాదకద్రవ్య నిషేధ మరియు వినియోగ శాఖ’ అని రాయించారు.

నిబంధనలు పదిరోజుల్లో తయారుచేయమని పైనుంచి ఆజ్ఞ. మందు ఎలా ఇవ్వాలో చెప్పే కాగితం శాఖలో ఏ మూలా లేదు. గంజాయి ఎలా పట్టుకోవాలో చెప్పే ఫారాలు మాత్రం బీరువాల నిండా ఉన్నాయి. సూపరింటెండెంటు చక్రధరరావుగారు వాటిలో ఒకటి తీసి, ముద్దాయి అన్నచోటల్లా లబ్ధిదారు అనీ, స్వాధీనం అన్నచోటల్లా సేవనం అనీ మార్పించారు. మిగతాదంతా యథాతథం. అందువల్ల నొప్పికి నాలుగు చుక్కల మందు వేసుకునే రోగికి ఇద్దరు మధ్యవర్తులు, నాలుగు దిక్కుల హద్దులు, రోజుకో పంచనామా తప్పనిసరి అయ్యాయి. ‘లబ్ధిదారు పారిపోవుటకు ప్రయత్నించెనా?’ అన్నది ఎనిమిదో కాలమ్.

పదకొండో కాలమ్ మాత్రం చక్రధరరావుగారి సొంత సృష్టి. ‘సేవనానంతరం లబ్ధిదారు నవ్వెనా, లేదా?’

దాని ఉద్దేశం ఆయన సిబ్బందిని కూర్చోబెట్టి వివరించారు. “చట్టం గంజాయిని నొప్పి నివారణార్థం మాత్రమే అనుమతించినది. మత్తు నిమిత్తం అనుమతించలేదు. మత్తు యొక్క ప్రధాన లక్షణం ఆనందం. ఆనందం యొక్క బాహ్యరూపం నవ్వు. కావున నవ్విన లబ్ధిదారు చట్టాన్ని ఉల్లంఘించినట్టు భావించబడును. మొదటి నవ్వుకు హెచ్చరిక, రెండో నవ్వుకు సంజాయిషీ, మూడో నవ్వుకు అనుమతి రద్దు.”

తవిటినాయుడు లేచి నిలబడ్డాడు. “సార్, నొప్పి తగ్గితే మనిషికి ఆనందంగా ఉండదా?”

“నొప్పి తగ్గితే కలిగేది ఉపశమనం. ఉపశమనం శాఖాపరమైనది. ఆనందం వ్యక్తిగతమైనది,” అన్నారు చక్రధరరావుగారు. ఆ వాక్యం ఆయనకే ఎంతో నచ్చి, మినిట్సులో ఎక్కించమన్నారు.

మెరకపేటలో ఆ తైలానికి మొదటి అనుమతి వరహాలమ్మకు వచ్చింది. ముప్ఫై ఏళ్ళు కూరగాయల మార్కెట్లో వంకాయలూ బెండకాయలూ అమ్మిన మనిషి. కేన్సరు వస్తే ఆపరేషను చేసి తీసేశారు. జబ్బు పోయింది గానీ, మందుల ధాటికి కాళ్ళ నరాలు దెబ్బతిని, మోకాళ్ళ దగ్గర్నుంచి అరికాళ్ళ దాకా నిప్పులమీద పెట్టినట్టు మండుతూ ఉండేది. పద్నాలుగు నెలలుగా ఆవిడ వరుసగా రెండు గంటలు నిద్రపోయి ఎరగదు. కూతురు గౌరి మిషను కుట్టుకుంటూ తల్లిని చూసుకునేది. వేయని మందు లేదు, తిరగని ఆసుపత్రి లేదు. చివరికి పెద్దాసుపత్రి డాక్టరు ఈ తైలం రాసి, దీనికీ తగ్గకపోతే నా దగ్గర ఇంకేమీ లేదని చెప్పేశాడు.

మొదటి రోజు సాయంత్రం అయిదింటికి తవిటినాయుడు ఫారాలు, సీలు వేసిన సీసా పట్టుకుని వెళ్ళాడు. మధ్యవర్తులు దొరకలేదు. గంజాయి మాట వినగానే వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. ఎదురింటి లింగమూర్తి మాస్టారు హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ ఏటా బడిపిల్లలతో గంజాయి వ్యతిరేక ప్రతిజ్ఞ చేయించినవాడు. ఆయన కిటికీలోంచే మాట్లాడాడు.

“ఆ పని నా చేత చేయించకు నాయుడూ. రేపు నా విద్యార్థులకు ఏ మొహం చూపించను?”

చివరికి ఇస్త్రీబండి సూరయ్య, పాలు పోసే దాలయ్య ఒప్పుకున్నారు. వాళ్ళిద్దరికీ పోయే పరువు లేదని వీధి పెద్దలు ముందే తేల్చి ఉండటంతో అది సులువైంది.

గౌరి తల్లి నాలుక కింద ఎనిమిది చుక్కలు వేసింది. తవిటినాయుడు తూర్పున రోడ్డు, పడమర కొళాయి అని హద్దులు రాసుకుంటూ కూర్చున్నాడు. అరగంట గడిచింది. గోడకు ఆనుకుని పళ్ళు బిగబట్టి ఉన్న వరహాలమ్మ మెల్లగా కాళ్ళు చాపింది. వేళ్ళు కదిపి చూసుకుంది. మరోసారి కదిపింది.

“ఓలమ్మ గౌరీ, మంట నేదే. నాకు కాళ్ళున్నాయన్న సంగతే మర్సిపోనాను,” అంటూ నవ్వేసింది. చిన్న నవ్వు కాదు. మార్కెట్లో బేరం తెగినప్పుడు నవ్వే నవ్వు. గౌరి తల్లిని పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. సూరయ్య, దాలయ్య కూడా నవ్వారు. వాళ్ళు మందు వేసుకోలేదు కనుక నిబంధనలు వాళ్ళకు వర్తించవు.

తవిటినాయుడి కలం పదకొండో కాలమ్ దగ్గర ఆగింది. సర్వీసు మొత్తంలో అతడు చూడనిది రాయలేదు, చూసింది వదలలేదు. మూడు నవ్వులైతే ఈ సీసా వెనక్కి పోతుంది, ఈ మనిషి మళ్ళీ ఆ గోడకు ఆనుకుని పళ్ళు బిగబడుతుంది. అతడు రాశాడు: ‘లబ్ధిదారు ఆవులింత నిమిత్తం నోరు తెరిచెను. నవ్వలేదు.’

ఆ రాత తప్పని అతడికి తెలుసు. అయినా ఇంటికి వెళ్తుంటే తన మీద తనకు కోపం రాకపోవడం చూసి ఆశ్చర్యపోయాడు.

నెలరోజులు అలా ఆవులింతలతో గడిచిపోయాయి. వరహాలమ్మ నిద్రపోతోంది, తింటోంది, పొద్దున్నే లేచి గుమ్మంలో కూర్చుని వీధిలో పోయేవాళ్ళను పలకరిస్తోంది. ఇంతలో ఊళ్ళో గాలి మారింది. ఎవరో పెద్ద నాయకుడి మేనత్తకు ఆ తైలంతో నడుంనొప్పి తగ్గిందని పత్రికల్లో ఫొటోలతో సహా వచ్చింది. మర్నాడే మెరకపేటలో సగం మందికి నడుంనొప్పి వచ్చింది. మన పూర్వులకు దీని గుణం ఎప్పుడో తెలుసునని కొందరు, తమ తాతగారి పెరట్లోనే ఉండేదని మరికొందరు చెప్పుకోసాగారు. మొన్నటిదాకా ఆ తాతలు తులసి తప్ప ఇంకేమీ పెంచిన దాఖలా లేదు.

అందరికన్నా ముందు మారింది లింగమూర్తి మాస్టారు. ఆయన మోకాళ్ళు పట్టుకుని వీధిలోకి వచ్చి ‘ఔషధ గంజాయి చైతన్య సమితి’ స్థాపించి, తానే అధ్యక్షుడయ్యాడు. బడిగోడ మీద తాను రాయించిన ‘గంజాయి మృత్యువుకు దారి’ అన్న నినాదానికి ముందు ‘డాక్టరు చీటీ లేని’ అని చేర్పించాడు. ప్రతిజ్ఞలో కూడా అంతే సవరణ చేసి మళ్ళీ చేయించాడు. పిల్లలు అదే గొంతుతో చెప్పారు.

ఇప్పుడు వరహాలమ్మ ఇంట్లో మధ్యవర్తిగా కూర్చోవడం గొప్ప గౌరవమైపోయింది. సూరయ్యను, దాలయ్యను పక్కకు తప్పించారు. సమితి వారంవారం జాబితా వేసి గోడకు అంటించేది. అయిదు కాకముందే పెద్దమనుషులు ఇస్త్రీ మడతలతో వచ్చి కుర్చీల్లో కూర్చునేవారు. జాబితాలో పేరు రానివాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి చూసేవారు. ఆడవాళ్ళు చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీస్తూ చూసేవారు.

అదే కొంప ముంచింది. వరహాలమ్మ జీవితమంతా జనం మధ్య బతికింది. నొప్పి లేని కాళ్ళూ, చుట్టూ పాతికమందీ ఉంటే ఆవిడ నోరు ఊరుకోదు. ఒకరోజు మాస్టారి కేసి చూసి, “మాస్టారూ, మీరు మోకాలి నొప్పని కుడికాలు కుంటుతారు గదా, ఇయ్యాల ఎడంకాలు కుంటుతున్నారేటి?” అంది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

“రాయి నాయుడూ. చట్టం చట్టమే,” అన్నాడు మాస్టారు ముఖం గంటు పెట్టుకుని.

పాతికమంది చూస్తుండగా ఆవులింత రాయడానికి వీల్లేకపోయింది. ఒక నవ్వు నమోదైంది. వారం తిరక్కుండా మరో మధ్యవర్తి కుర్చీతో సహా వెనక్కి పడటంతో రెండోది నమోదైంది. పళ్ళు కనబడని నవ్వును నవ్వుగా పరిగణించాలా అని తవిటినాయుడు ఆశతో పైకి రాశాడు. ‘పళ్ళు కనబడనిచో అర నవ్వుగా నమోదు చేయవలెను. రెండు అరలు ఒకటి’ అని జవాబు వచ్చింది. బోసినోటి వాళ్ళ సంగతి పరిశీలనలో ఉందట.

ఇక మిగిలింది ఒక్క నవ్వు. గౌరి గుమ్మం దగ్గర జనాన్ని బతిమాలి పంపేసేది. వరహాలమ్మ మందు వేసుకోగానే గోడవైపు తిరిగి కూర్చునేది. ఎవరైనా పలకరిస్తే వేళ్ళతో పెదాలు నొక్కుకునేది.

అలాంటి సమయంలో రాజధాని నుంచి ప్రచార విభాగం అధికారిణి దిగింది. పథకం విజయవంతమైందని ఊరూరా పోస్టర్లు వేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. వరహాలమ్మ ఫొటో కావాలి. నవ్వుతూ ఉండాలి. అదే రోజు చక్రధరరావుగారు వార్షిక తనిఖీకి వచ్చారు. ఆయనకు వరహాలమ్మ నవ్వకుండా ఉండాలి. వరహాలమ్మ ఇంటి వరండాలో రెండు శాఖలు ఎదురెదురుగా కూర్చున్నాయి.

“నవ్వని లబ్ధిదారుతో పోస్టరు వేస్తే ప్రజల్లోకి ప్రతికూల సందేశం వెళ్తుందండి,” అంది అధికారిణి.

“నవ్విన లబ్ధిదారుకు మా శాఖ అనుమతి కొనసాగించజాలదు,” అన్నారు చక్రధరరావుగారు.

“అలాగైతే విజయగాథ రాలేదని, ఇక్కడ పథకం ఫలించలేదని పైకి నివేదించాల్సి ఉంటుంది.”

“ఉల్లంఘన జరిగిందని నేనూ నివేదించాల్సి ఉంటుంది.”

ఎవరు నెగ్గినా సీసా పోయేలా ఉంది. గౌరి తవిటినాయుడి ముఖంలోకి చూసింది. అతడు ఫారం తీసి పదకొండో కాలమ్ మరోసారి చదివాడు.

“సార్, ఇందులో సేవనానంతరం అని ఉందండి. మందు వేసుకోకముందు నవ్వితే ఫారానికి సంబంధం లేదు. ముందు ఫొటో తీయించుకుని, తర్వాత మందు వేద్దాం. అప్పుడు అమ్మ నవ్వదు. కావాలంటే ఏడుస్తుంది కూడా.”

రెండు శాఖలూ ఒక్కసారి తలలూపాయి. చక్రధరరావుగారు అతడి భుజం తట్టారు. తవిటినాయుడు ఆ క్షణాన తన తెలివికి తానే మురిసిపోయాడు.

అప్పటికి అయిదున్నర అయింది. నిన్నటి మందు ప్రభావం పూర్తిగా పోయి, వరహాలమ్మ అరికాళ్ళు మండిపోతున్నాయి. ఫొటోగ్రాఫరు ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి నవ్వమన్నాడు. నవ్వింది. ఇంకొంచెం సహజంగా అన్నాడు. మళ్ళీ నవ్వింది. వెలుతురు బాగాలేదని కుర్చీ జరిపించి ఇంకోసారి అన్నాడు. పదిహేడు ఫొటోలు తీశాడు. కుర్చీ చేతిని పట్టుకున్న ఆవిడ వేళ్ళు తెల్లబడిపోయాయి. గౌరి చూడలేక మిషను దగ్గరికి పోయి వెనక్కి తిరిగి నిలబడింది. తవిటినాయుడి మురిపెం ఎటు పోయిందో ఎటో పోయింది.

తర్వాత మందు వేశారు. అరగంటకు మంట చల్లారింది. “ఇప్పుడు ఏడవాలమ్మా,” అన్నాడు తవిటినాయుడు నేల చూపులు చూస్తూ.

“ఏటి గుర్తు సేసుకుని ఏడవమంటావు నాయుడూ?” అంది వరహాలమ్మ. పోయిన మొగుణ్ణి తలచుకుంది. ఆపరేషను తలచుకుంది. నొప్పి లేనప్పుడు అవన్నీ దూరంగా ఎక్కడో జరిగినట్టున్నాయి. ఆఖరికి నిజంగానే ఏడ్చింది. మంట లేక ఒళ్ళు తనదిగా ఉండేది మందు పడ్డాకే, ఆ కాస్త సేపట్లో కూడా వాళ్ళకోసం ఏడవాల్సి వచ్చిందే అని ఏడ్చింది. చక్రధరరావుగారు సంతృప్తిగా చూసి, పంచనామాలో వివరంగా రాయమన్నారు. తవిటినాయుడు వివరంగా రాశాడు. సేవనమునకు పూర్వం పదిహేడు పర్యాయములు నవ్వెను. సేవనానంతరం బిగ్గరగా రోదించెను.

ఆ పంచనామా ఎంతో బాగుందని, పథకం పనితీరును సమీక్షించే రాష్ట్ర నిపుణుల సంఘానికి నమూనాగా పంపారు. మూడు వారాలకు సంఘం నుంచి ఉత్తర్వు వచ్చింది.

‘సమర్పించబడిన రికార్డును క్షుణ్ణంగా పరిశీలించడమైనది. లబ్ధిదారు మందు వేసుకొనక పూర్వం పదిహేడు పర్యాయములు నవ్వగలిగినందున, ఆమెకు నొప్పి లేదని స్పష్టమగుచున్నది. మందు వేసుకొన్న పిదప రోదించినందున, మందు వలన ఆమెకు నొప్పి కలుగుచున్నదని స్పష్టమగుచున్నది. కావున లబ్ధిదారు సంక్షేమం దృష్ట్యా అనుమతి రద్దు చేయడమైనది.’

తవిటినాయుడు ఆ కాగితం పట్టుకుని చక్రధరరావుగారి గదిలోకి దాదాపు పరుగెత్తాడు. “సార్, అది మనం చెప్పి చేయించిందండి. ఆవిడకు నొప్పి ఉంది. మీరు కూడా చూశారు.”

“నేను చూచినది నా వ్యక్తిగతం. రికార్డులో ఆ విషయం లేదు కదా.”

“రికార్డు నేనే కదండీ రాసింది.”

“అద్భుతంగా రాశావు. సంఘంవారు ప్రత్యేకంగా ప్రశంసించారు,” అన్నారు ఆయన. మాటల్లో ఎత్తిపొడుపేమీ లేదు. ఆయన నిజంగానే సంతోషించారు. తర్వాత రెండో కాగితం చేతికిచ్చారు. లబ్ధిదారు వద్ద మిగిలిన నాలుగు సీసాలను అక్కడికక్కడే, మధ్యవర్తుల సమక్షంలో ధ్వంసం చేయవలెనన్నది దాని సారాంశం.

ఊళ్ళో ఈ కబురు తెలియగానే మళ్ళీ తలుపులు మూసుకున్నాయి. అప్పటికే రోడ్డు మలుపులో వరహాలమ్మ నవ్వుతున్న పోస్టరు నిలువెత్తున వెలిసింది. దాని కింద నిలబడి లింగమూర్తి మాస్టారు, ఆ మందు సంగతి తనకు మొదట్నుంచీ అనుమానమేనని చెబుతున్నాడు. ఇప్పుడాయన మోకాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి.

తవిటినాయుడు ఆ రోజు భోజనం కూడా చేయకుండా ధ్వంసం ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. దాన్ని వందలసార్లు నింపాడు గానీ వెనకవైపు నిబంధనలు ఎప్పుడూ చదవలేదు. ఎప్పుడూ బస్తాలే కాబట్టి తగలబెట్టేవారు, సరిపోయేది. ఇప్పుడు ఒక్కో వాక్యం వేలు పెట్టి చదివాడు. రెండోసారి చదువుతూ ఒక చోట వేలు ఆపాడు. అయిదవుతుండగా లేచి, ఇస్త్రీబండి దగ్గర సూరయ్యను, సందు చివర దాలయ్యను వెంటబెట్టుకుని వరహాలమ్మ ఇంటికి బయల్దేరాడు.

గౌరికి సంగతి ముందే తెలుసు. నాలుగు సీసాలూ తెచ్చి అతడి ముందు పెట్టింది. ముఖం చూడలేదు. వరహాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“తీసుకెల్లిపో నాయుడూ. నీ తప్పేటుంది. నువ్వు నా మంచికే సెప్పినావు,” అంది.

ఆ మాట అతడికి గుచ్చుకుంది. ధ్వంసం ఫారం తీసి వెనకవైపు తిప్పాడు. “పట్టుకెళ్ళమని లేదమ్మా. ఇక్కడే ధ్వంసం చెయ్యమన్నారు. పరిసరాలకు హాని కలగని ఏ పద్ధతిలోనైనా చెయ్యొచ్చు, అవసరమైతే విడతలు విడతలుగా చెయ్యొచ్చు అని ఉంది. ఎన్ని విడతలన్నది రాయలేదు. నోరు తెరువు.”

గౌరి తల ఎత్తింది. వరహాలమ్మకు అర్థం కావడానికి ఇంకో క్షణం పట్టింది. నోరు తెరిచింది. తవిటినాయుడు సీసా పట్టుకుని లెక్కగా ఎనిమిది చుక్కలు నాలుక కింద వేసి, కూర్చుని రాశాడు: ‘ఈ దినం మొదటి విడతగా ఎనిమిది చుక్కలు మధ్యవర్తుల సమక్షంలో పూర్తిగా ధ్వంసం చేయడమైనది. తిరిగి ఉపయోగించుటకు వీలులేనివిధంగా అంతరించినవి. శేషం రేపు.’ సూరయ్య సంతకం పెట్టాడు. దాలయ్య వేలిముద్ర వేశాడు.

నాలుగు సీసాలు ధ్వంసం కావడానికి మూడున్నర నెలలు పట్టింది. అవి పూర్తవుతుండగా తవిటినాయుడు పైకి ఒక లేఖ రాశాడు. ఇతర సర్కిళ్ళలో రద్దయిన అనుమతుల తాలూకు సీసాలు నిల్వ ఉండి ఇబ్బంది కలిగిస్తున్నట్టు తెలిసిందనీ, పంపితే మెరకపేటలో పద్ధతి ప్రకారం ధ్వంసం చేసిపెట్టగలమనీ రాశాడు. అన్ని సర్కిళ్ళవాళ్ళూ సంతోషంగా పెట్టెలకు పెట్టెలు పంపారు. అందుకున్నట్టు రసీదులు మాత్రం కావాలన్నారు.

అంత శ్రద్ధగా ధ్వంసం చేస్తున్న సర్కిలు ఎలా ఉందో చూద్దామని చక్రధరరావుగారు ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా వచ్చారు. ఆ రోజు విడత అప్పుడే పూర్తయింది. వరహాలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, మార్కెట్లో ఒకాయన తన దగ్గర వంకాయ కొని, పుచ్చు బయటపడితే మర్నాడు ఆ పురుగును కూడా తెచ్చి వాపసు తీసుకోమన్న కథ చెబుతోంది. సూరయ్య, దాలయ్య, గౌరి పడీపడీ నవ్వుతున్నారు. ఆవిడ వాళ్ళకన్నా గట్టిగా నవ్వుతోంది.

చక్రధరరావుగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. “నాయుడూ, ఈవిడ నవ్వుచున్నది.”

తవిటినాయుడు లేచి ధ్వంసం ఫారం అందించాడు. “చిత్తం సార్. ఎందులో రాయమంటారు?”

ఆయన ఫారం అందుకుని మొదటి కాలమ్ నుంచి చివరి కాలమ్ దాకా చదివారు. తిప్పి వెనకవైపు చదివారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ ముందువైపు చదివారు. నవ్వుకు కాలమ్ ఎక్కడా దొరకలేదు. వరహాలమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. ఆయన జేబులోంచి కలం తీసి, ఫారం అడుగున స్వహస్తాలతో రాసి సంతకం పెట్టారు.

‘ధ్వంసం సంతృప్తికరంగా జరుగుచున్నది. కొనసాగించవలెను.’